నలభై ఆరు కిలోల మూట

వరంగల్, మిర్చి యార్డు దగ్గరి గది
సోమవారం

స్రవ్యా,

ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెడ్తది. నువ్వు "ఊఁ" అంటవు, మహా అంటే "తిన్నరా" అంటవు. పెండ్లయి వారం కాకముందే మిర్చి సీజన్ అని బాపు నన్ను ఇక్కడికి తోలిండు. నీకు వేరే ఫోన్ కొనిస్త అంటే సిగ్గు అంటివి. అందుకే ఈ ఉత్తరం. మిర్చి బండి తోలే భిక్షపతి అన్న నోరు మూసుకొని ఉండే మనిషి. నువ్వు మంచినీళ్లు ఇయ్యవోయినప్పుడు నీ చేతిల పెడ్తడు. జవాబు కూడ ఆయనకే ఇయ్యి.

మొన్న వచ్చినప్పుడు దుకానంల పెద్ద కాంటాకు ఒక నల్ల డబ్బా పెట్టిన కదా. అది ఎందుకో నీకు చెప్పే టైమ్ దొరకలే. కాంటా మీద ఏ అంకె వస్తే ఆ అంకెను ఆ డబ్బా ఇంటర్నెట్‌ల పంపుతది. మొఘల్‌పురాల మన హమాలీ అంజన్న బస్తా ఎక్కిస్తే, వరంగల్‌ల నా కంప్యూటర్ మీద దాని తూకం కనపడ్తది. ముందు పరీక్ష కోసం మన దుకానంల పెట్టిన. రోజూ మాపటికి నేను ఫోన్ చేసి ఏ బస్తా ఎంత తూగిందో చెప్త, బాపు సరిచూసుకుంటడు. ఉగాది దాక తప్పు రాకపోతే ఆ డబ్బాను ఇక్కడి కాంటాకు పెడ్తం. అప్పుడు నేను మొఘల్‌పురాల కూసుండి వరంగల్ తూకం చూడొచ్చు. ఇక్కడ ఉండే పనే లేదు. ఇంటికి వచ్చేస్త.

తప్పు వస్తే మాత్రం బాపు మాట ఇది: "డబ్బా జుమ్మేరాత్ బజార్ల తుక్కుల పడేస్త. నువ్వు వరంగల్‌లనే ఉంటవు."

నీకు ఒక్కటే పని. ప్లగ్ ఎవ్వరు పీకకుండ చూడు. అమ్మ మీద జర కన్నేసి ఉంచు. ఇంకోటి, నేను వచ్చేదాక సన్నబడకు.

నీ
నిఖిలేష్


మొఘల్‌పురా, దుకానం మీది ఇల్లు
గురువారం

శ్రీవారికి,

స్రవ్య నమస్కారం చేసి రాస్తున్న. నేను ఏడో తరగతి దాకనే చదివిన. తప్పులుంటే నవ్వకండి. నవ్వినా భిక్షపతి అన్న ముందట నవ్వకండి.

మీరు చెప్పినట్టే కావలి ఉంటున్న. కని మంగళవారం నాతోని కాలే. వంటింటి గోడకు లైట్లు ఆడుకుంట ఉండే ఇంటర్నెట్ డబ్బా ఉన్నది చూడండి, దాని ప్లగ్ పీకి అత్తమ్మ గ్రైండర్ పెట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టిన. "మినుములు నానినయి. నీ మొగని లైట్లు తర్వాత ఆడనియ్యి" అన్నది. నేను చెయ్యి తీసిన.

ఆ మాపటికి మీరు ఫోన్ల "కాంటా అడ్రసు మారింది, దొరుకుతలేదు" అని మామయ్యతోని అన్నరు. నేను జల్ది కిందికి పోయి చూసిన. కాంటా ఉన్నకాడనే ఉన్నది. మామయ్య కూడ వచ్చి చూసిన్రు. కిరాయికి ఉన్నోళ్ల అడ్రసు మారుతది గని కాంటాది ఎట్ల మారుతదని అత్తమ్మ అడిగింది. నాకు కూడ అదే అనుమానం. జర రాయండి.

మామయ్యను నేను అడగలేను. ఈ ఇంట్ల కోడండ్లు మామ ముందట నోరిప్పరని అత్తమ్మ నేను వచ్చిన నాడే చెప్పింది. ఆయన కూడ నాతోని అనరు. నిన్న అత్తమ్మ సంతోష్‌నగర్ల చుట్టాలింటికి పోయింది. మామయ్య వంటింటి దిక్కు చూసి, అత్తమ్మ పేరు పెట్టి, "లక్ష్మీ, జర చాయ్ పెట్టుమను" అన్నరు. ఇంట్ల ఉన్నది నేనొక్కదాన్నే. చాయ్ పెట్టి గడప మీద పెట్టిన. తాగి, "మంచిగున్నదని చెప్పు లక్ష్మీ" అన్నరు. అత్తమ్మ అప్పుడు సంతోష్‌నగర్ల బువ్వ తింటున్నది.

మిగతా అంత బాగున్నది. పగటి పూట అందరు తిని పండినంక దుకానం ఊడ్వనీకి నేనే కిందికి పోత. సన్నబడకు అన్నరు. సన్నబడ్తలేనని అనుకుంటున్న.

స్రవ్య


వరంగల్
సోమవారం

స్రవ్యా,

నీ చాయ్ సంగతి చదివి యార్డుల ఒక్కన్నే నవ్విన. పక్క కాంటాలోళ్లు పిచ్చి లేసిందనుకున్నరు.

అడ్రసు అంటే ఇంటి నంబరు కాదు. ఇంటర్నెట్‌ల ప్రతి మిషన్‌కు ఒక నంబరు ఉంటది. ప్లగ్ పీకి మల్ల పెడితే ఆ నంబరు ఒక్కోసారి మారుతది. ఇగ మారకుండ కట్టేసిన. ఇప్పుడు పొద్దుగాల లేస్తనే పింగ్ కొడ్త. అంటే నేను "ఉన్నవా" అని అడుగుత, డబ్బా "ఉన్న" అంటది. అమ్మను జర ఇంకో ప్లగ్ చూసుకోమను.

ఇప్పుడు అసలు లొల్లి విను. పగటి పూట, షట్టర్ దించినంక, కాంటా మీద ఒక మూట ఎక్కుతున్నది. నలభై ఆరు కిలోల తొమ్మిది వందల గ్రాములు. జరసేపు ఉంటది, దిగుతది. మర్నాడు నలభై ఆరు ఏడు వందలు. ఇంకోనాడు ఆరు వందలే. బాపుకు చెప్తే గయ్యిమన్నడు. "షట్టర్ ఏసినంక నీ మిషన్ గాలిని తూచుతున్నదా? మన దుకానంల అంత తూగే మూటనే లేదు" అన్నడు. మిషన్ అబద్ధం చెప్తున్నదని ఆయన అనుకుంటున్నడు.

రోజురోజుకు తగ్గుతున్నదంటే చింతపండు ఎండుతున్నదేమోనని నా ఆలోచన. ఊడ్వనీకి పోతవు కదా, నీకు ఎవ్వరన్న కనపడ్డరా? నా రాకడ దీని మీదనే ఉన్నది.

నిఖిలేష్


మొఘల్‌పురా
శుక్రవారం

శ్రీవారికి నమస్కారం.

నాకు ఎవ్వరు కనపడలే. నేను ఒక్కదాన్నే ఉంట. ఒక పిల్లి వస్తది గని అది అంత బరువుండదు.

మామయ్య అంజన్నను నిలబెట్టి అడిగిన్రు. "సేట్, పగటీలి నేను బువ్వకు పోత. పైసలిచ్చి మొయ్యమంటేనే ఇంకో మూట అంటే నా నడుము లేస్తలేదు, ఉత్తగ మోస్తనా?" అన్నడు అంజన్న. మామయ్య నమ్మిన్రు. అత్తమ్మ నమ్మలే. కాంటాకు గాలి సోకిందని నల్లదారంతోని నిమ్మకాయ కట్టింది. ఆ నిమ్మకాయ మీకు కనపడ్డదా?

పింగ్ అంటే మిస్డ్ కాల్ అసుంటిదే కదా. అర్థమైంది.

ఆ మూట గురించి మీరు పరేషాన్ కాకండి. అది ఇగ ఎక్కదని నాకు అనిపిస్తున్నది.

ఇక్కడ ఎండలు మొదలైనయి. గొంతుల మిర్చి ఘాటు పోనీకి మజ్జిగ తాగండి.

స్రవ్య


వరంగల్
ఆదివారం

స్రవ్యా,

నిమ్మకాయ కనపడలే. వంద గ్రాముల లోపల ఉన్నదాన్ని ఆ కాంటా లెక్కనే చెయ్యది.

మూట ఇగ ఎక్కదని నీకెట్ల తెలుసు?

నిఖిలేష్


మొఘల్‌పురా
సోమవారం

ఏమండీ,

ఇది చదివి చింపెయ్యండి. చింపిన ముక్కలు కూడ యార్డుల పడెయ్యకండి.

ఆ మూట నేనే.

సన్నబడకు అని మీరే రాసిన్రు. సన్నబడ్డనో లేదో నాకెట్ల తెలవాలె? అత్తమ్మ చూస్తే "ఎండిన బెండకాయ లెక్క అయితున్నవు" అంటది. ఆమె కంటికి అందరు సన్నగనే కనపడ్తరు. ఊడ్వనీకి పోయినప్పుడు కాంటా ఉత్తగ ఉన్నది. ఎవ్వరు లేరు. ఎక్కిన. మర్నాడు కాళ్ల పట్టీలు తీసి ఎక్కిన, రెండు వందల గ్రాములు పోయింది. ఆ తర్వాత గాజులు కూడ తీసిన. అసలు తూకం ఎంతనో చూద్దామని. నేను సన్నబడలే, సొమ్ములు దిగినయి, అంతే.

అదంత మీకు కనపడ్తున్నదని నాకేం తెలుసు? మిర్చి బస్తాలను మాత్రమే చూపెట్టే తెలివి దానికి ఉంటదనుకున్న.

ఎవ్వరికి చెప్పొద్దు. నా మీద ఒట్టు. మామయ్యకు అస్సలే వద్దు. కోడలు షట్టర్ దించినంక కాంటా ఎక్కుతదని ఆయనకు తెలిస్తే నేను ఈ ఇంట్ల ఎట్ల తిరగాలె? చాయ్ గడప మీద పెట్టనీకి కూడ ముఖం ఉండదు.

స్రవ్య


వరంగల్
బుధవారం

నా నలభై ఆరు కిలోల మూటకు,

చింపలే. చింపను. దిండు కింద పెట్టిన.

ఎంత పిచ్చోన్ని నేను! ఇన్ని రోజులు నిన్నే చూసుకుంట చింతపండు అనుకున్న. పగటి పూట నువ్వు ఏం చేస్తుంటవో అని రోజూ అనుకునేటోన్ని. కండ్ల ముందట అంకె అయి నిలబడ్డవు, నేను గుర్తు పట్టలే.

నీ ఒట్టు మీద ఉంట. ఎవ్వరికి చెప్పను. బాపుకు ఇగ పగటి పూట తూకాలు చెప్పనే చెప్పను, షట్టర్ తెరిచినంకయే చెప్త. లొల్లి ఉండది.

ఒక్క మాట విను. శనివారం పగటి పూట ఇంకొక్కసారి ఎక్కు. పట్టీలు పెట్టుకొనే ఎక్కు. కాంటా అంకె దిక్కు చూసుకుంట నిలబడు. వరంగల్ నుంచి నీకు ఒక తమాష చూపెడ్త. ఈ డబ్బా చూసుడే కాదు, చెప్పిన పని కూడ చేస్తది.

నీవాడు


మొఘల్‌పురా
శనివారం

నిఖిలేష్ గారికి,

మీ పేరు రాసిన. మొగని పేరు రాయొద్దంటరు. కోపానికి రాసిన.

మీరు చెప్పినట్టే ఎక్కిన. నలభై ఆరు తొమ్మిది వందలు అని వచ్చింది. నేను దాని దిక్కే చూస్తున్న. చూస్తుండంగనే సున్న అయింది. నేను నిలబడే ఉన్న, కాంటా మీద ఏం లేదంటున్నది. నా చెయ్యి నేనే గిచ్చుకొని చూసుకున్న. జర ఉన్నంక మీరే అక్కడి నుంచి సున్న నొక్కిన్రని సమజైంది. నవ్వు వచ్చింది. ఒక్కదాన్నే నవ్విన, ఒప్పుకుంట. గప్పుడే మీది ఇంట్ల అత్తమ్మ దగ్గింది. దిగి ఉరికిన.

మీరు మల్ల సరి చేస్తరనుకున్న. మీరు చేయలే!

షట్టర్ తెరిచిన్రు. బార్కస్ నుంచి హోటల్ సేటు మిర్చికి వచ్చిండు. అంజన్న నలభై కిలోల బస్తా ఎక్కించిండు. కాంటా మీద మైనస్ ఆరు కిలోల తొమ్మిది వందలు అని వచ్చింది. నేను మెట్ల కాడి నుంచి చూస్తున్న. మామయ్య కండ్లద్దాలు తుడుచుకొని మల్ల చూసిన్రు. బస్తా దించుమన్నరు. దించితే ఇంకింత కిందికి పోయింది, మైనస్ నలభై ఆరు తొమ్మిది వందలు. హోటల్ సేటు పడి పడి నవ్విండు. "క్యా సేట్, మిర్చీ బీ మేరీ, ఊపర్ సే పైసే బీ మేరే?" అన్నడు. మిర్చి తీస్కపోతే మనమే ఎదురు పైసలు ఇయ్యాలెనా అని. నవ్వుకుంట, కొనకుండనే పోయిండు.

అంజన్న బంద్ చేసి మల్ల చాలు చేస్తే కాంటా సక్కగ అయింది. కని మామయ్య ముఖం సక్కగ కాలే. "నా బతుకుల నా దుకానం తూకం సున్న కిందికి పోలే" అన్నరు. గురువారం డబ్బా జుమ్మేరాత్ బజార్‌కు పోతదని అంజన్నకు చెప్పిన్రు.

తమాష చూపెడ్త అన్నరు. బజారు బజారంత చూసింది.

స్రవ్య


వరంగల్
మంగళవారం

స్రవ్యా,

తప్పు నాదే. నువ్వు దిగినంక సున్న మల్ల సరి చేద్దామని కూసున్న. గప్పుడే యార్డుల వేలం పాట మొదలైంది, మిర్చి రేటు పడిపోతున్నదని ఉరికిన. మర్చిపోయిన.

బాపుకు ఫోన్ చేసి, "మిషన్ తప్పు కాదు, సున్న నేనే నొక్కిన" అన్న. "ఎందుకు నొక్కినవు?" అన్నడు. "కాంటా మీద బరువు ఉండె" అన్న. "ఏం బరువు?" అన్నడు. "ఏదో ఒక బరువు" అన్న. నీ ఒట్టు ఉన్నది కదా. "డబ్బాను కాపాడనీకి అబద్ధాలాడుతున్నవు" అని పెట్టేసిండు. తర్వాత ఎత్తుతలేడు.

నేను నీ మాట తప్పను. ఒక సీజన్ ఇక్కడ ఉండుడు అలవాటే అయింది, ఇంకో సీజన్ ఉంట. గురువారం పొద్దుగాల అమ్మకు ఫోన్ చేసి ఆఖరుసారి బతిమాలుత. అప్పటిదాక డబ్బా పీకకుండ ఉంటే చాలు. నువ్వు మనసు పాడు చేసుకోకు.

నిఖిలేష్


మొఘల్‌పురా
గురువారం

మీకు,

ఇంకో సీజన్ ఉంట అని ఎంత సులువుగ రాసిన్రు! మీరు కోపానికి వచ్చినా బాగుండు. ఒట్టు తీసెయ్యి అని ఒక్క మాట అననే అనలే. నిన్న రాత్రి దాక ఆ ఉత్తరమే మల్ల మల్ల చదివిన.

మీరు ఫోన్ల నుంచి విన్నదే గని చూసింది లేదు. అందుకే మొత్తం రాస్తున్న.

పొద్దుగాల దుకానం తెరిచిన్రు. అంజన్న డబ్బా తీసుకపోనీకి సంచి తెచ్చిండు. బార్కస్ సేటు మల్ల వచ్చి కూసున్నడు, మిర్చి కోసమో మైనస్ కోసమో నాకు తెల్వదు. అత్తమ్మ మీ ఫోన్ స్పీకర్ పెట్టుకొని కిందికి దిగింది. మీరు, "బాపూ, ఒక్కసారి ఏదన్న ఎక్కించు, నేను ఇక్కడి నుంచి చెప్త" అని బతిమాలుతున్నరు. మామయ్య గల్లా దిక్కు చూసి, "లక్ష్మీ, ఫోన్ పెట్టెయ్యుమని చెప్పు" అన్నరు. అంజన్న వైర్ మీద చెయ్యేసిండు.

నాకు మాట రాదు కదా. కాళ్లు వచ్చినయి. కొంగు నెత్తి నిండ కప్పుకొని పోయి కాంటా ఎక్కిన.

అంజన్న వైర్ ఇడిచిపెట్టిండు. మామయ్య గోడ దిక్కు తిరిగిన్రు. "లక్ష్మీ, కోడలు కాంటా ఎందుకు ఎక్కిందో అడుగు."

"ఏందే గిది?" అన్నది అత్తమ్మ.

నేను తల వంచుకొని నిలబడ్డ. అప్పుడు మీరు ఫోన్లకెల్లి, "నలభై ఆరు తొమ్మిది వందలు" అన్నరు. జర ఆగి, "స్రవ్యా? నువ్వేనా?" అన్నరు. మీరు నా పేరు అంత మెత్తగ పిలుస్తరని నాకు ఇప్పటిదాక తెల్వదు.

మామయ్య గోడ ఇడిచి కాంటా దిక్కు తిరిగిన్రు. అదే అంకె. పగటీలి మూట ఎవరో ఆయనకు సమజైంది. సమజైనట్టు మీసం కింద నవ్వు కనపడ్డది.

కని అత్తమ్మ ఊకుంటదా? "ఇది మొగడు పెండ్లాల కూడబలుకుడు! వాని పెండ్లం తూకం వానికి తెల్వదా? నాది చెప్పమను, చూస్త!" అని నన్ను దించి తను ఎక్కింది. ఎక్కేదాక ఎవ్వరు ఆపలే. ఆపే టైమ్ లేదు.

మామయ్యకు బస్తాను చూస్తేనే తూకం తెలుస్తదని బజారంత అంటరు కదా. ఆయన అత్తమ్మను పై నుంచి కిందికి ఒక్కసారి చూసి, నోట్లెనే, "ఎనభై ఎనిమిది" అన్నరు. పక్కన నిలబడ్డదాన్ని, నాకు వినవడ్డది. ఫోన్ల మీరు అన్నరు, "ఎనభై ఎనిమిది కిలోలు. అమ్మా, బస్తా పట్టుకొని ఎక్కినవా?"

మామయ్య డబ్బా మీద చెయ్యేసి, చుట్టాన్ని పలకరించినట్టు తట్టిన్రు. "మిషన్ ఒక్క నంబరు తప్పలే" అన్నరు.

"అబద్ధం!" అని అత్తమ్మ దుంకింది. "కాంటా అబద్ధం, డబ్బా అబద్ధం, మీరు అబద్ధం! నన్ను మీరెప్పుడు తూచిన్రు?"

"పెండ్లయిన కాడి నుంచి చూస్తలేనా లక్ష్మీ" అన్నరు మామయ్య. బార్కస్ సేటు మిర్చి బస్తాల దిక్కు తిరిగి, తొడిమలు లెక్కపెడ్తున్నట్టు కూసున్నడు. ఆయన భుజాలు ఎగురుతున్నయి. అంజన్న సంచి ముఖానికి అడ్డం పెట్టుకున్నడు.

అప్పుడు మామయ్య గోడ దిక్కు చూడలే. లక్ష్మీ అనలే. సీదా నా దిక్కు చూసి, "మరి ఆ మైనస్ ఏంది తల్లీ?" అన్నరు.

నేను అత్తమ్మ దిక్కు చూసిన. ఆమె కోపంల మెట్లెక్కుతున్నది. ఇగ చెప్పనీకి ఎవ్వరు లేరు. నేనే చెప్పిన. "నేను ఎక్కినప్పుడు వారు అక్కడి నుంచి సున్న నొక్కిన్రు మామయ్యా. నవ్వియ్యనీకి."

మామయ్య కండ్లద్దాలు తీసి తుడుచుకున్నరు. నేను చచ్చిపోతననుకున్న. తర్వాత ఫోన్ నోటికాడ పెట్టుకొని మీతోని అన్నది మీరు విన్నరు కని, నాకు రాసుకోవాలని ఉన్నది: "అరేయ్, నిన్ను అక్కడ ఉంచితే ఇంకెన్ని సున్నలు నొక్కుతవో! డబ్బా పంపుతున్న. అక్కడి కాంటాకు పెట్టి ఇంటికి రా. నవ్వియ్యాలెనంటే ఇక్కడికొచ్చి నవ్వియ్యి."

బార్కస్ సేటు ఆరు బస్తాలు కొన్నడు. అన్ని ఆ డబ్బా కాంటా మీదనే తూచుమన్నడు.

అత్తమ్మ పగటికి బువ్వ తినలే. మాపటికి రెండింతలు తిన్నది. డబ్బా ఈ ఇంట్ల ఒక్క పూట కూడ ఉండొద్దన్నది. అందుకే భిక్షపతి అన్నకు ఇప్పుడే ఇచ్చి పంపుతున్న, ఈ ఉత్తరం దాని మీదనే కట్టిన. మీరు ఇంటికి రావాలని మామయ్య కంటె అత్తమ్మకే ఎక్కువ తొందరున్నది ఇప్పుడు. వస్తనే ఆమె తూకం ఎనభైకి తక్కువ అని ఒకసారి గట్టిగ అనండి, బజారుకు వినపడేటట్టు.

నాకు ఒక్కటే ఫికర్. కాగితం మీద నేను ఇంత మాట్లాడిన. మీరు ఎదురుంగ వచ్చి నిలబడితే నాకు ఒక్క మాట రాకపోవచ్చు. ఉత్తరాల్ల ఉన్న స్రవ్య ఎక్కడ పోయిందని అడగకండి. కొన్ని దినాలు ఓపిక పట్టండి. మామయ్యతోనే మాట్లాడినదాన్ని, మీతోని మాట్లాడనా?

స్రవ్య